ఒక పక్కే వచ్చే ఫిట్స్‌ని తేలిగ్గా తీసుకోకు చెల్లె

బిడ్డకి ఒక్కసారి ఫిట్స్ వస్తే చాలు, ఆ తర్వాత మన కంటికి కునుకుండదు. పక్కలో చిన్న కదలిక వచ్చినా లేచి కూర్చుంటాం. వంట చేస్తున్నా చెవి అటే ఉంటుంది. అందులో మన ధూల్‌పేట్‌లో ఇంటి గోడకి ఇంటి గోడ ఆనుకునే ఉంటుందాయె, పొద్దున జరిగింది సాయంత్రానికి గల్లీ అంతా తెలుస్తుంది. ఒకరు దిష్టి అంటారు. ఒకరు గాలి సోకిందంటారు. ఇంకొకరు ఫలానా దర్గాకి తీసుకెళ్ళమంటారు. అందరూ మన మేలు కోరేవాళ్ళే, కాదనను. కానీ ఎవరి మాట వినాలో తెలియక మనసు ఆగమైపోతుంది. రా, ఇట్లా కూర్చో. ముందు ఈ చాయ్ తాగు. ఒక్కొక్కటే నిదానంగా మాట్లాడుకుందాం.

మొదట నీకు ధైర్యం చెప్పే మాట చెప్తాను. ఫిట్స్ వచ్చిన ప్రతి బిడ్డకీ పెద్ద జబ్బు ఉండదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలావరకు వాటంతటవే పోతాయి. మన దేశంలో కలుషితమైన తిండి ద్వారా ఒంట్లోకి చేరే బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో చిన్న గడ్డ ఏర్పడి ఫిట్స్ రావడం తరచూ కనిపిస్తుంది. దానికీ వైద్యం ఉంది. సరైన మందు సరిగ్గా వాడితే మూర్ఛ ఉన్నవాళ్ళలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి మొదటి రోజే గుండె జారవిడుచుకోవద్దు.

మరి ఈ రోజు నిన్ను కూర్చోబెట్టి ఇంత చెప్పడం ఎందుకంటావా? ఆ మిగిలిన కొద్దిమందిలో చాలా అరుదైన జబ్బు ఒకటుంది. దాని పేరు రాస్‌ముస్సెన్ ఎన్‌సెఫలైటిస్. మెదడులో ఒక సగానికి మాత్రమే వాపు వచ్చి, ఆ వాపుతో ఫిట్స్ మొదలవుతాయి. పేరు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. అది ఎట్లా కనిపిస్తుందో గుర్తుపెట్టుకో, అదే ముఖ్యం.

ఇట్లా అనుకుందాం. వినాయక చవితి దగ్గరపడింది, ఇంటి ముందు విగ్రహాలు వరసగా ఆరుతున్నాయి. ఆరేడేళ్ళ పిల్ల పక్కన కూర్చుని చిన్న బొమ్మకి రంగు వేస్తోంది. కుంచె పట్టుకున్న కుడిచేతి బొటనవేలు తనంతట తానే టక్కు టక్కుమని కదలడం మొదలుపెట్టింది. పిల్ల ఎడమ చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంది. ఐనా ఆగలేదు. కాసేపటికి మూతి కూడా కుడివైపుకి గుంజింది. స్పృహ మాత్రం ఉంది, మనం పిలిస్తే చూస్తోంది, భయంతో ఏడుస్తోంది. ఇట్లాంటిది మళ్ళీ మళ్ళీ, ఎప్పుడూ ఒంటికి ఒకే పక్క వస్తోందా? గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఆ వేలు, ఆ చెంప అదురుతూనే ఉంటోందా? ఈ జబ్బున్న పిల్లల్లో సుమారు సగం మందికి ఇట్లా ఆగని అదురు ఉంటుంది. ఇంకొన్నాళ్ళకి ఆ చేత్తో బొత్తాం పెట్టుకోలేకపోవడం, చెప్పు జారిపోవడం, కాలు ఈడ్చడం, మాట తడబడటం కనిపిస్తే ఇక ఆలస్యం చేయకూడదు చెల్లె.

ఇది ఎందుకొస్తుందని నీ మనసు పీకుతుంది, నాకు తెలుసు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశానా, సరిగ్గా తినలేదా, రంగుల వాసన పీల్చనిచ్చానా అని తల్లి తననే తాను తిట్టుకుంటుంది. వద్దు. ఇందులో నీ తప్పు ఏమీ లేదు. మన ఒంట్లో రోగాలతో పోరాడే టీ కణాలని కొన్ని తెల్ల రక్తకణాలు ఉంటాయి. అవి గాడితప్పి మెదడులో ఒక సగం మీద పడతాయి. అక్కడ వాపు వస్తుంది, నెలలు గడిచేకొద్దీ ఆ సగం కుంచించుకుపోతుంది. మెదడు ఎడమ సగం ఒంటి కుడి పక్కని, కుడి సగం ఎడమ పక్కని నడిపిస్తాయి కాబట్టి, లోపల ఏ సగం దెబ్బతింటే బయట దానికి ఎదురు పక్క అదురుతుంది. ఇది అంటుజబ్బు కాదు. వంశంలో వచ్చేదీ కాదు. పక్కింటి పిల్లలు ఆడుకోవడానికి వస్తే తలుపు తీసే పెట్టు.

కెనడాలోని మాంట్రియల్‌లో థియోడర్ రాస్‌ముస్సెన్ అనే మెదడు సర్జన్, తన తోటి డాక్టర్లతో కలిసి 1958లో ఇట్లాంటి ముగ్గురు రోగుల గురించి రాశాడు. అప్పటినుంచే దీనికొక పేరు, గుర్తింపు వచ్చాయి. ఎక్కువగా ఆరేళ్ళ వయసు అటూఇటుగా మొదలవుతుంది, పెద్దవాళ్ళలోనూ అప్పుడప్పుడు కనబడుతుంది. జర్మనీలో వేసిన లెక్క ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళు కోటి మంది ఉంటే ఏడాదికి ఇద్దరో ముగ్గురో కొత్తగా దీని బారిన పడతారు. ఇంత అరుదు కాబట్టే చిక్కు కూడా. పిల్లల వైద్యం చేసే మంచి డాక్టరు కూడా తన జీవితంలో ఒక్క కేసూ చూడకపోవచ్చు. మామూలు ఫిట్సేనని మందు పెంచుకుంటూ పోతే విలువైన నెలలు చేజారతాయి. అందుకే కనిపెట్టి ఉండాల్సింది ఇంట్లో ఉన్న మనమే.

ఎట్లా కనిపెట్టాలి అంటావా? ఒక నోట్‌బుక్ తీసుకో. తేదీ, టైము, ఏ పక్క మొదలైంది, ఎంతసేపు ఉంది, స్పృహ ఉందా లేదా, ముందు రోజు నిద్ర సరిగ్గా పోయిందా అనేవి రాయి. నీకు రాయడం రాకపోతే పెద్ద పిల్ల చేత రాయించు. ఇంకోటి, ఫోన్లో వీడియో తీయి. సిగ్గుపడకు, డాక్టరుకి అది చాలా పనికొస్తుంది. ముఖం, రెండు చేతులు, రెండు కాళ్ళు అన్నీ కనిపించాలి. దుప్పటి తీసెయ్. తీస్తూనే బిడ్డని పేరు పెట్టి పిలువు, చేయి ఎత్తమను, జవాబు చెబుతుందో లేదో వీడియోలో తెలుస్తుంది. ఒకరు వీడియో తీస్తుంటే ఇంకొకరు బిడ్డ దగ్గరే ఉండాలి, ఇది మాత్రం మరవొద్దు.

పెద్దగా ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలో ఇంటిల్లిపాదికీ నేర్పించు. బిడ్డని ఒక పక్కకి ఒరిగించి పడుకోబెట్టాలి. మెడ దగ్గర బట్ట వదులు చేయాలి. చుట్టుపక్కల తగిలే వస్తువులు జరపాలి. తాళాల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయో చెప్పో వాసన చూపించడం, నోట్లో చెంచా కుక్కడం, నీళ్ళు పోయడం ఒక్కటీ వద్దు. గడియారం చూడు. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి మొదలైనా 108కి ఫోన్ చేయి. ముక్కులో కొట్టే మిడాజోలం స్ప్రే ఇంట్లో ఉంచుకోవచ్చా, ఎంత కొట్టాలి అని డాక్టరుని ముందే అడిగి పెట్టుకో.

ఇక ఎక్కడికి పోవాలి? మన గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. అది సిద్ధమయ్యేదాకా అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ఉస్మానియానే మనకి దగ్గర. చిన్నపిల్లలైతే నిలోఫర్ ఉంది. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. మొదట వీటిలో ఎక్కడ చూపించినా మంచిదే. కానీ ఒక లెక్క గుర్తుపెట్టుకో: తగిన మందులు రెండు, సరిపడా మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకి లొంగని మూర్ఛ అంటారు. అప్పుడు మూడో మందుకీ నాలుగో మందుకీ ఏళ్ళు గడపకుండా, మూర్ఛకి ఆపరేషన్ కూడా చేసే పెద్ద కేంద్రానికి పోవాలి. "సార్, మమ్మల్ని ఎపిలెప్సీ సెంటర్‌కి రాసి పంపుతారా?" అని అడిగితే ఏ డాక్టరూ తప్పు పట్టరు.

పరీక్షలంటే భయపడకు. ఈఈజీ అంటే తల మీద వైర్లు అంటించి మెదడు తరంగాలు చూడటమే, నొప్పి ఉండదు. ముందురోజు తలంటి పోసి, నూనె రాయకుండా తీసుకెళ్ళు. కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచి వీడియోతో కలిపి తీసే ఈఈజీ ఐతే ఇంకా మేలు. ఎమ్మారై మొదట్లో మామూలుగానే రావచ్చు. అది చూసి 'ఏమీ లేదులే' అని ఊరుకోవద్దు. కొన్ని నెలలకి మళ్ళీ తీస్తే ఒక సగం కుంచించుకుపోవడం కనబడుతుంది. అందుకే పాత ఫిల్ములు, సీడీలు పారేయకు. రంగు డబ్బాల కింద పడకుండా ఒక కవర్లో పెట్టి, పైన తేదీ రాసి దాచు. కొత్త డాక్టరు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా దొరుకుతుంది. నడుంలోంచి నీళ్ళు తీసే పరీక్ష కూడా చేయొచ్చు. టీబీ, ఇతర ఇన్‌ఫెక్షన్లు, వేరే రకం మెదడువాపులు కావని తేల్చుకోవడానికే అది. దాంతో కాళ్ళు పడిపోతాయని చెప్పే మాటలు నమ్మొద్దు.

ఒక్క పరీక్షతో ఈ జబ్బు తేలదు. 2005లో యూరప్ నిపుణులు కలిసి కూర్చుని ఒక పద్ధతి రాశారు. ఒంటికి ఒక పక్క ఫిట్సు, ఆ పక్కే బలహీనత లాంటి లోపం ఉండాలి. ఈఈజీలో తేడా మెదడుకి ఒక సగంలోనే ఉండాలి. ఎమ్మారైలో ఆ సగమే కుంచించుకుపోయి, దాంతోపాటు వాపు గుర్తుల్లాంటివి కనబడాలి. ఈ మూడూ కలిస్తే జబ్బు ఇదేనంటారు. అంతా స్పష్టంగా లేకపోతే కొన్నాళ్ళు గమనిస్తూ లోపం పెరుగుతోందా అని చూస్తారు, అవసరమైతే మెదడు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. చూశావా, నీ నోట్‌బుక్కూ వీడియోలూ ఎంత పనికొస్తాయో?

మందుల సంగతికొద్దాం. లెవిటిరాసెటమ్, ఆక్స్‌కార్బజెపిన్, క్లోబజామ్ లాంటి ఫిట్స్ మందులు పెద్ద ఫిట్స్‌ని తగ్గిస్తాయి, కానీ ఆ సన్నటి అదురుని చాలాసార్లు ఆపలేవు. లెవిటిరాసెటమ్‌తో కొందరు పిల్లలు చిరాకు పడతారు, కొట్టడానికి వస్తారు. మొండితనమని తిట్టకు, డాక్టరుకి చెప్పు. వాపుని తగ్గించడానికి స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తారు, కొన్ని చోట్ల టాక్రోలిమస్ వాడతారు. ఇవి చెయ్యీ కాలూ పడిపోవడాన్ని కొంత నెమ్మదింపజేయొచ్చు, చాలామందిలో ఫిట్స్‌ని మాత్రం పూర్తిగా ఆపలేవు. స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, జ్వరాలు తొందరగా అంటుకుంటాయి. టీకా వేయించే ముందు అడగాలి. ఏ మందునీ మనంతట మనం హఠాత్తుగా ఆపకూడదు. మెడికల్ షాపులో వేరే కంపెనీది ఇస్తే డాక్టరుకి చెప్పాకే వాడు. మొక్కు తీర్చుకుంటావా, తీర్చుకో. తాయత్తు కట్టిస్తావా, కట్టించు. ఆ ధైర్యం నీకు కావాలి. పూట మందు మాత్రం తప్పొద్దు.

ఇప్పుడు అన్నింటికంటే బరువైన మాట. ఈ జబ్బులో ఫిట్స్‌ని ఆపే శక్తి ఎక్కువగా ఉన్నది ఆపరేషన్‌కే. 'సగం మెదడు తీసేస్తారట' అని ఎవరో అంటే నీ ప్రాణం పోయినంత పనైంది కదా? ఎవరికైనా అంతే. ఒకప్పుడు నిజంగానే సగం తీసేసేవాళ్ళు. దాంతో ఏళ్ళు గడిచాక ఇబ్బందులు వచ్చేవి. ఆ రాస్‌ముస్సెన్ డాక్టరే చాలా భాగాన్ని లోపలే ఉంచి, సంబంధాలు మాత్రం తెంపే పద్ధతిని తీసుకొచ్చాడు. ఇప్పుడు చేసే హెమిస్ఫెరాటమీ దానికి ఇంకా మెరుగైన రూపం. షార్టు సర్క్యూటు అవుతున్న గదికి మెయిన్ దగ్గర కరెంటు ఆపేసినట్టు, జబ్బున్న సగానికీ బాగున్న సగానికీ మధ్య దారులు తెంపుతారు. 1985లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో బెన్ కార్సన్ ఇదే జబ్బున్న నాలుగేళ్ళ పాపకి మెదడులో ఒక సగం తీసి బతికించడంతో ఈ ఆపరేషన్ మీద మళ్ళీ నమ్మకం పెరిగింది. అంత దూరం ఎందుకు, మన సికింద్రాబాద్ కిమ్స్ డాక్టర్లు పిల్లలకి చేసిన హెమిస్ఫెరాటమీల ఫలితాలని 2016లో అంతర్జాతీయ వైద్య పత్రికలో రాశారు. తిరువనంతపురంలో శ్రీచిత్ర, బెంగళూరులో నిమ్‌హాన్స్ కూడా ఉన్నాయి.

ఆపరేషన్ తర్వాత 70 నుంచి 80 శాతం పిల్లలకి ఫిట్స్ ఆగిపోతాయి. ఐతే పోయేవి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఎదురు పక్క చేతి వేళ్ళతో సన్నటి పని చేయడం ఇక రాదు. రెండు కళ్ళలోనూ ఆ పక్క సగం చూపు పోతుంది. నడక మాత్రం ఎక్కువమందికి ఫిజియోథెరపీతో తిరిగి వస్తుంది. కొందరికి మెదడులో నీరు చేరొచ్చు. తలనొప్పి, వాంతులు, మత్తుగా పడుకోవడం కనిపిస్తే వెంటనే తీసుకెళ్ళాలి. ఎడమ సగానికి ఆపరేషన్ ఐతే మాట పోతుందేమోనని దిగులు ఉంటుంది. వయసు ఎంత చిన్నదైతే మాట రెండో సగానికి మారే వీలు అంత ఎక్కువ.

మరి ఎప్పుడు చేయించాలి? అసలు కష్టం ఇక్కడే. చేయి ఇంకా బాగానే ఉన్న బిడ్డకి ఆపరేషన్ చేయిస్తే ఆ చేయిని మన చేతులారా పోగొట్టినట్టు అనిపిస్తుంది. ఆగితే రోజూ ఫిట్స్ వల్ల చదువు, తెలివి వెనకబడతాయి. దీనికి అందరికీ ఒకే జవాబు ఉండదు. డాక్టరు దగ్గర నిదానంగా కూర్చుని ఈ ప్రశ్నలు అడుగు: ఆపరేషన్ లేకపోతే వచ్చే రెండేళ్ళలో ఏమవుతుంది? ఇప్పుడు చేస్తే ఏం పోతుంది, ఏం మిగులుతుంది? మాట ఏ సగంలో ఉంది? మీరు ఇట్లాంటివి ఎన్ని చేశారు? మీ ఆయన్నీ, ఇంట్లో మాట చెల్లే పెద్దవాళ్ళనీ వెంట తీసుకెళ్ళు. తర్వాత నిందలన్నీ నీ ఒక్కదాని మీద పడకూడదు.

డబ్బు గురించి కూడా మాట్లాడుకోవాలి కదా! 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. ఆసుపత్రి గేటు దగ్గర ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో కార్డు చూపించి, ఈ ఆపరేషన్, ఇమ్యునోగ్లోబులిన్ ఏది ఎంతవరకు వర్తిస్తుందో ముందే అడుగు. నగలు తాకట్టు పెట్టే ముందు ఆ కౌంటర్‌కి పోవాలి చెల్లె, తర్వాత కాదు. చేయీ కాలూ బలహీనపడితే సదరం క్యాంపులో సర్టిఫికెట్ తీసుకో. లోపం 40 శాతం, ఆపైన ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కు బిడ్డకి ఉంది.

ఇక ఇంట్లో కొన్ని మార్పులు చేసుకుందాం. మన పేటలో రాఖీలు, వినాయకులు, పతంగులు అని ఏడాదంతా సీజన్లే. రాత్రంతా లైట్లు, డప్పులు, పని. నిద్ర చాలకపోతే ఫిట్స్ పెరుగుతాయి. ఎంత ఆర్డరున్నా సరే, బిడ్డని వేళకి లోపలి గదిలో పడుకోబెట్టు. సంక్రాంతికి పిట్టగోడ లేని డాబా మీదికి ఒంటరిగా పంపొద్దు. పతంగి ఎగరేయొద్దని ఏడిపించొద్దు, కిందినుంచి చర్ఖా పట్టుకోనీ, పెద్దవాళ్ళు పక్కన ఉండి. బాత్‌రూమ్‌కి లోపల గడియ వద్దు. పొయ్యి దగ్గర, నిండు డ్రమ్ముల దగ్గర పైలం. ఉపవాసాలు బిడ్డకి వద్దు.

బడిలో టీచరమ్మకి చెప్పేసెయ్. దాచిపెడితే క్లాసులో ఫిట్స్ వచ్చిన రోజు ఆమె కంగారుపడుతుంది. ఆడపిల్ల కదా, రేపు పెళ్ళి ఎట్లా అని మీ అత్తమ్మ దిగులు పడుతుంటే ఈ మాట చెప్పు: 1999లో పార్లమెంటు హిందూ వివాహ చట్టాన్ని సవరించి, పెళ్ళికి అడ్డంకుల్లోంచి మూర్ఛని తీసేసింది. చట్టమే వద్దన్న సిగ్గుని మనం ఇంకా మోయడం ఎందుకు?

చివరగా నీ గురించి. నువ్వు తిన్నావా? నిద్రపోయి ఎన్నాళ్ళైంది? పెద్ద పిల్ల 'అమ్మ నన్ను చూడట్లేదు' అని మూతి ముడుచుకుందా? వారంలో ఒక్క పూటైనా బిడ్డని అక్కకో వదినకో అప్పగించి పడుకో. ఏడుపు ఆగకపోతే 14416కి ఫోన్ చేయి, టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. నువ్వు నిలబడితేనే ఇల్లు నిలబడుతుంది.

ఒకటే గట్టిగా చెప్తున్నా, విను. ఒకే పక్క మళ్ళీ మళ్ళీ ఫిట్స్, రెండు మందులకి ఆగకపోవడం, చేయి బలం తగ్గడం ఈ మూడూ కలిస్తే ఇంకో పండగ దాటనీయకు. వీడియో, నోట్‌బుక్, పాత ఫిల్ములు సంచిలో పెట్టుకుని ఈ వారమే మెదడు డాక్టరు దగ్గరికి బయల్దేరు. గల్లీలో ఇంకే తల్లి ఇదే కష్టంలో ఉన్నా, ఆమెనీ వెంటబెట్టుకుని పో.